గుట్ట మీద ఏమీ లేదు

గుమ్మడికుంట (దేవరకొండ దగ్గర),
11 జులై 2021

షగుఫ్తాకు,

నువ్వు బాగున్నావని ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేదు. మా పంచాయతీ ఆఫీసు గోడ రోజూ చెబుతోంది. పేపర్లో పడ్డ నీ ఫోటోను మండల మీటింగులో అందరికీ పంచారట. మా సర్పంచ్ విజేందర్ దాన్ని తెచ్చి, నేను కూలీల హాజరు వేసే బల్లకు సరిగ్గా ఎదురుగా అంటించాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు, పక్కన నువ్వు, నీ చేతిలో నేరేడు మొక్క, వెనక పచ్చటి నర్సరీ. కింద "ఉత్తమ నర్సరీ" అని పెద్దక్షరాలు.

"చూడు జానమ్మా, గామె గూడ నీ లెక్కనే ఊరి నర్సరీ చూసుకునేటామె. గామెతోని అయింది నీతోని ఎందుకయితలేదు?" అన్నాడు విజేందర్. గామె, నేను దేవరకొండ హాస్టల్లో ఐదేళ్లు ఒకే చాప మీద పడుకున్నామని నేను చెప్పలేదు.

కడుపు మండింది. నీ దగ్గర దాచడం ఎందుకు. వార్డెన్ మేడం బంతిమొక్కకు నీళ్లు పొయ్యమంటే వేడి గంజి పోసి చంపినదానివి నువ్వు. నీకు ఉత్తమ నర్సరీ.

మా సంగతి విను. పోయినేడు రోడ్డు పొడుగునా వెయ్యి మొక్కలు నాటాం. మా ఆయన ఎల్లస్వామి పంచాయతీ ట్రాక్టరుకు ట్యాంకరు కట్టి ఎండాకాలమంతా నీళ్లు తోలాడు. రెండు వందలు కూడా బతకలేదు. ఎండిన పుల్లల చుట్టూ మేం కట్టిన ముళ్లకంప మాత్రం చెక్కుచెదరలేదు. ఈ ఎర్ర గరుసు నేలకు ఎంత పోసినా తాగేసి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది.

పెద్దమ్మ నిన్ను అడిగింది. ఆమెకేం, ఆమె గుట్ట ఆమెకుంది. ఎండాకాలం మోదుగాకు తెచ్చి విస్తర్లు కుడుతుంది, వానలకు బోడకాకర తెస్తుంది, దసరా ముందు నుంచి సీతాఫలాల గంప అంగడికి మోస్తుంది. "గుట్ట ఉన్నన్ని దినాలు ఈ బిక్షమ్మ ఒకరి గడప తొక్కది" అంటుంది. పెదనాయిన పోయాక నన్ను పెంచింది, చదివించింది కూడా ఆ గంపతోనే కదా.

నీ కిటుకేందో రాయి. ఫోన్ చెయ్యకపోయావా అంటావేమో. మీ ఊళ్లో బండ ఎక్కితే గాని సిగ్నల్ రాదు. వచ్చినా నీ గొంతు వింటే నాకు తిట్టబుద్ధి కాదు. కాగితం మీదైతే కడుపునిండా తిట్టొచ్చు.

జానమ్మ


రాయిచెలిమ (అచ్చంపేట దగ్గర),
2 ఆగస్టు 2021

జానమ్మకు సలాం.

నీ తిట్లు అన్నీ చిరగకుండా చేరాయి. మా ఆయన ఫహీం అచ్చంపేట నుంచి ఆటోలో వస్తూ తెచ్చాడు. చదివి వినిపిస్తే "నీ దోస్తుకు మస్తు మండుతాంది పో" అని నవ్వాడు. నాకు మాత్రం సంతోషంగానే ఉంది. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అన్నిట్లో నువ్వే ఫస్టు. నేను నీ నోట్సు చూసి రాసుకుని పాసైనదాన్ని. ఇన్నేళ్లకు నా ఫోటో నీ ఎదురుగా గోడెక్కింది. కొన్నాళ్లు ఉండనీ దాన్ని.

కిటుకేమీ లేదు. మా ఊరి వెనకే నల్లమల. తొలకరి పడగానే పెద్ద చెట్ల కింద పిల్లమొక్కలు ఒత్తుగా లేస్తాయి. ఎక్కడ పలచన చేస్తే మిగతావి పెరుగుతాయో పక్క పెంటలోని, అదే చెంచుల గూడెంలోని ఆడవాళ్లు చూపిస్తారు. ఫారెస్టు వాళ్లకు చెప్పి, ఆ మట్టితోనే కవర్లలో పెడతాను. నాటేటప్పుడు మాత్రం ఉన్న పొదను కొట్టనివ్వను. బలుసు పొద నడుమ గుంత తీసి మొక్క పెడితే మేక మూతి పెట్టలేదు, ఎండ నేరుగా తగలదు, రాలిన ఆకు కింద తేమ ఉంటుంది. పెంచేది పొద. ఫోటో దిగేది నేను.

నీకు మాత్రం లేదా. నీ పెళ్లికి వచ్చినప్పుడు పెద్దమ్మ మనల్ని గుట్టెక్కించింది. ఆ మూడు బండల దగ్గర కూర్చుని కడుపు పట్టనన్ని సీతాఫలాలు తిన్నాం. హాస్టల్‌కు ప్రతి ఆదివారం ఆమె గంప దించేది ఆ గుట్ట నుంచే. మా అమ్మీ పోయాక నన్ను చూడడానికి ఎవరూ వచ్చేవారు కాదు. పెద్దమ్మ నీకు మూడు కాయలిస్తే నాకూ మూడే ఇచ్చేది. నువ్వు మూతి ముడుచుకుని కూర్చునేదానివి. ఇప్పుడు ఆ పొదల నీడలోనే మొక్కలు పెట్టి చూడు, అవే సాకుతాయి.

ఇంకో ముచ్చట. వచ్చే నెల హైదరాబాద్‌లో మీటింగు ఉందట. నర్సరీ ఎలా పెంచానో నన్ను మైకులో చెప్పమన్నారు. ఫహీం కొత్త చీర తెస్తానంటున్నాడు.

షగుఫ్తా


గుమ్మడికుంట,
21 నవంబర్ 2021

షగుఫ్తాకు,

హైదరాబాద్ చూసి వచ్చినదానివి, మాలాంటి వాళ్లకు ఉత్తరం రాసే తీరిక నీకుండదనుకుని నేనే రాస్తున్నాను. నీ మీటింగు వీడియో విజేందర్ ఫోన్‌లో చూశాను. ఒకసారి కాదు, వచ్చినవాళ్లందరికీ చూపిస్తూ నాకూ నాలుగుసార్లు చూపించాడు. గొంతు సరిగ్గా వినపడలేదు. చీర బాగుంది, రంగే నీకు నప్పలేదు.

నాకూ ఒక దినం వచ్చింది. మండలానికి ఒక్క పెద్ద వనం పెంచాలని అనుకుంటున్నారు, పది ఎకరాలది. ఏ ఊరు ముందు జాగా చూపిస్తే ఆ ఊరికే. విజేందర్ కాగితం నా ముందు పెట్టి, "సర్కారు జాగా ఏడేడ ఉన్నదో నాకంటె నీకే ఎరుక. నువ్వే నింపు జానమ్మా, నేను సంతకం జేస్త" అన్నాడు. నింపాను. పది రోజుల్లో మంజూరైంది. చదును చేసే మిషన్ వచ్చే నెలలో వస్తుంది.

నీ బలుసు పొదలు, నీ పిల్లమొక్కలు నీ దగ్గరే ఉంచుకో. అవి మోకాలెత్తు లేచేసరికి నాకు ముసలితనం వస్తుంది. మేం కోనోకార్పస్ తెప్పిస్తున్నాం. ఆరడుగుల మొక్కలే లారీల్లో దిగుతాయి. మేక ముట్టదు, ఎండకు వాడదు, నాటిన పొద్దే పచ్చగా కనబడుతుంది. ఈసారి ఎవరి ఫోటో ఎవరి గోడ మీద పడుతుందో చూద్దాం.

పెద్దమ్మకు ఈ యేడు కాయ విరగకాసింది. నీకో గంపెడు పంపమంది. దారిలో మెత్తబడతాయని పంపలేదు.

జానమ్మ


రాయిచెలిమ,
5 డిసెంబర్ 2021

జానమ్మకు,

కన్ను విప్పిన పచ్చికాయలను గడ్డిలో పెట్టి పంపితే నాలుగు రోజులు ఆగుతాయి. ఆ సంగతి నీకంటే తెలిసినవాళ్లు లేరు. పంపబుద్ధి కాలేదని రాస్తే సరిపోయేది కదా.

చీర రంగు గురించి నువ్వన్నది నిజం. గొంతు వినపడకపోవడానికి కారణం కూడా చెబుతాను, సంతోషపడు. నేను మాట్లాడనేలేదు. ఆఖరికి పక్కన కూర్చున్న మేడం నా చేతిలో కాగితం తీసుకుని తనే చదివింది. నువ్వైతే మైకు వదిలేదానివి కాదు. తిరుగు బస్సులో ఆ మాటే అనుకుంటూ వచ్చాను, అనుకున్నకొద్దీ నీ మీద ఒళ్లు మండింది.

ఇప్పుడు ఒకటి సూటిగా అడుగుతాను. గుమ్మడికుంటలో పది ఎకరాల సర్కారు జాగా ఎక్కడిది? మీ ఊరు నేను చూడనిది కాదు. ఒక పక్క చేన్లు, ఒక పక్క రోడ్డు, ఒక పక్క కుంట. మిగిలింది గుట్ట. గుట్ట వాలు మీది పొదల జోలికి పోవడం లేదు కదా?

ఆ పొదలు పట్టి ఆపితేనే వాననీళ్లు నిదానంగా కుంటలోకి దిగుతాయని చెప్పింది పెద్దమ్మే. ఆమె తిండి కూడా వాటి మీదే. మిషన్ రాకముందే జవాబు రాయి.

షగుఫ్తా


గుమ్మడికుంట,
14 మార్చి 2022

షగుఫ్తాకు,

పనుల్లో పడి జవాబు రాయడం ఆలస్యమైంది. అయితేనేం, చేతిలో ముచ్చట పెట్టుకుని రాస్తున్నాను. పేపరు ముక్క దీంతోపాటే పెట్టాను, జాగ్రత్తగా విప్పు. నీ పక్కన నిలబడ్డ ఆఫీసరే. ఈసారి నా పక్కన నిలబడ్డాడు. గంటసేపు ఉన్నాడు, కొబ్బరినీళ్లు తాగాడు, "నీ హస్తవాసి మంచిదమ్మా" అన్నాడు. విజేందర్ గోడ మీద నీ ఫోటో పీకి నాది అంటించాడు. పీకమని నేననలేదు, వద్దని కూడా అనలేదు.

వనాన్ని నువ్వు చూడాలి. మనం హాస్టల్లో స్కేలు పెట్టి మార్జిను గీసినట్టు ఎటు చూసినా వరుసలే. ఎల్లస్వామి రోజుకు ఆరు ట్యాంకర్లు పోస్తున్నాడు. రోడ్డు మీద పోయే బస్సులోంచి జనం తలలు బయట పెట్టి చూస్తున్నారు. రాత్రి పడుకున్నా కళ్లల్లో పచ్చగా అదే కనబడుతోంది.

గుట్ట సంగతి అడిగావు. గుట్ట ఎక్కడికి పోతుంది, ఉన్నచోటే ఉంది.

ఇక్కడ చిన్న చిన్న చికాకులు ఉన్నాయి. మేకలోళ్లు మేపు లేదని రోజూ పంచాయతీకి వచ్చి విజేందర్ మీద పడుతున్నారు. నెల నుంచి ఊళ్లో కోతులు దిగాయి. తలుపు జర తెరిచి ఉంటే చాలు, వంటింట్లో దూరి రొట్టెలు ఎత్తుకుపోతున్నాయి. పెద్దమ్మ నాతో సరిగా మాట్లాడటం లేదు. ఈ యేడు విస్తర్లు కుట్టలేదు. అరుగు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. వయసు మీద పడింది కదా.

జానమ్మ


రాయిచెలిమ,
10 ఏప్రిల్ 2022

జానమ్మకు,

రంజాన్ నెల. రోజా ఉండి అబద్ధం రాయకూడదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నీ ఫోటో చూసిన రోజు ఇఫ్తార్‌కు కూర్చుంటే ఖర్జూరం కూడా గొంతు దిగలేదు. ఫహీం గోడకు పెడదామన్నాడు. నేను తీసుకెళ్లి బియ్యం డబ్బా కింద పెట్టాను. రెండు రోజులు నీ మీద ఏడ్చి, మూడో రోజు మళ్లీ తీసి చూశాను. ఏదైనా తప్పు దొరుకుతుందేమోనని నీ మొహమంతా వెతికాను. మొహంలో దొరకలేదు. నీ తల వెనక దొరికింది.

నీ తల వెనక మూడు బండలున్నాయి. మనం కూర్చున్న బండలే, నేను మరిచిపోలేదు. అప్పుడు వాటి దగ్గరికి పోవాలంటే పెద్దమ్మ ముందు నడుస్తూ కొమ్మలు పక్కకు పట్టుకునేది. ఇప్పుడు వాటి చుట్టూ ఒక్క సీతాఫలం పొద లేదు. బండలు ఉత్తగా నిలబడ్డాయి.

పేపర్లో "బీడు భూమిలో పచ్చదనం" అని రాశారు. అది బీడని వాళ్లకు ఎవరు చెప్పారు? కాగితం నువ్వే నింపానన్నావు. అలాంటి కాగితం నేనూ నింపాను. అందులో "ప్రస్తుతం ఆ స్థలంలో ఏమున్నది" అని ఒక గడి ఉంటుంది.

ఆ గడిలో ఏం రాశావు, జానమ్మా?

షగుఫ్తా


గుమ్మడికుంట,
2 మే 2022

నీది కుళ్లు. నా ఫోటో చూస్తే ఖర్జూరం దిగలేదని నువ్వే రాశావు. ఆ తర్వాత రాసినదంతా ఆ కుళ్లులోంచి వచ్చిందే.

నీ వెనక నల్లమల ఉంది. నువ్వు నాటకపోయినా మొలుస్తుంది, నీళ్లు పొయ్యకపోయినా బతుకుతుంది. దాని ముందు నిలబడి ఫోటో దిగడం ఎవరికైనా వస్తుంది. నేను గరుసు నేలలో, ట్యాంకరు నీళ్లతో, నా రెక్కలతో చేశాను. అది నీకు ఓర్వబుద్ధి కాలేదు.

గుట్ట మా ఊరిది. అక్కడ ఏముందో ఏం లేదో అచ్చంపేట నుంచి నువ్వు చెప్పక్కర్లేదు. ఇకమీదట నాకు ఉత్తరాలు రాయకు.

జానమ్మ


గుమ్మడికుంట,
9 అక్టోబర్ 2022

షగుఫ్తాకు,

రాయొద్దన్నదాన్ని నేనే, మళ్లీ రాస్తున్నదాన్ని నేనే. చదవకుండా పొయ్యిలో పెట్టినా నేనేమీ అనుకోను.

ఆ గడిలో "ఏమీ లేదు" అని రాశాను.

సీతాఫలం పొదలున్నాయి, మోదుగలున్నాయి అని రాస్తే ఆ జాగా ఇవ్వరు. అందుకని రాశాను. పెన్ను పట్టుకుని చాలాసేపు మథనపడ్డానని రాస్తే నాకు మర్యాదగా ఉంటుంది గాని, అలా జరగలేదు. వెంటనే రాశాను. ఎదురుగా గోడ మీద నీ ఫోటో ఉంది.

జులైలో మూడు రోజులు వాన విడవకుండా కొట్టింది. ఇదివరకు ఎంత వాన పడ్డా గుట్ట తను తాగింది తాగి మిగిలింది వదిలేది. ఈసారి మొదటి పూటలోనే ఎర్రబురద రోడ్డు దాటి కుంటలోకి దిగింది. కుంట సగం మట్టితోనే నిండింది. రెండో రోజు కట్ట తెగి కింది వరిమళ్ల మీద మోకాటిలోతు బురద పరుచుకుంది. నాట్లేసిన పది ఇళ్లవాళ్లు గట్ల మీద నిలబడి చూశారు. నా వరుసల్లో సగం వేళ్లతో సహా కొట్టుకొచ్చి మా ఇంటి వెనక పడ్డాయి. మిగిలినవి పచ్చగానే ఉన్నాయి గాని ఒక్క పిట్ట వాలదు. ఇప్పుడు సర్కారోళ్లే ఆ చెట్టు నాటొద్దంటున్నారు. విజేందర్ నా ఫోటో కూడా పీకేశాడు.

ఇదంతా ఊరికి జరిగింది. ఇంట్లో జరిగింది ఇంకొకటి ఉంది. ఆగస్టులో కోతుల మంద మా పెంకుల మీదకు వచ్చింది. పెద్దమ్మ కట్టె పట్టుకుని తోలబోయింది. పెద్ద కోతి ఒకటి మీదకు దూకితే కింద పడి కుడిచేతి మణికట్టు విరిగింది. దేవరకొండ దవాఖానలో కట్టు కట్టారు, కోతి గీరినందుకు సూదులు వేశారు. నేను కోతులను తిడుతుంటే, "వాటినెందుకే అనవడితివి. పరికిపండ్లు, బలుసుపండ్లు తిని ఆడనే పడి ఉంటుండె. వాటి కూడు మనమే గుంజుకుంటిమి" అంది.

దసరా మరునాడు పొద్దున్నే కట్టు విప్పిన చేత్తో గంప పట్టుకుని బయల్దేరింది. గుట్ట మీద ఏముంటుందో ఆమెకు తెలియదా. అయినా పోయింది. పగటేళకు తిరిగొచ్చి ఉత్తగంప నా ముందు పెట్టింది.

"నలభై ఏండ్లల్ల గీ గంప ఉత్తగ రాలే. గాడ ఏం లేదని ఆఫీసోళ్లకు ఎవ్వలు జెప్పిండ్రే?"

"నాకేం ఎరుక పెద్దమ్మా" అన్నాను.

ఆరోజు నుంచి ఆమె అదే పనిలో ఉంది. ఎల్లస్వామిని అడిగింది. విజేందర్ ఇంటికి పోయి అడిగింది. అతను వెంట పోయిన నా మొహం చూసి, మండల ఆఫీసులో అడగమన్నాడు. వచ్చే సోమవారం నుంచి మండల ఆఫీసు ముందు కూర్చుంటానంటోంది. అక్కడివాళ్లు కాగితం తీస్తే నా చేతిరాత కనబడుతుంది. ఆమెకు చదువు రాదు గాని, నా రాత గుర్తుపడుతుంది. హాస్టల్ నుంచి నేను రాసిన ఉత్తరాలు ఇప్పటికీ ట్రంకుపెట్టెలో దాచుకుంది.

వేరేవాళ్లు చెప్పకముందే నేను చెప్పాలి. ఎట్లా చెప్పాలో నువ్వు చెప్పు. అడగడానికి నాకు ఇంకెవరూ లేరు.

జానమ్మ


రాయిచెలిమ,
13 అక్టోబర్ 2022

జానమ్మకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నాకు సంతోషమైంది. నా గురించి నువ్వు తెలుసుకోవాల్సినవాటిలో ఇది మొదటిది.

రెండోది విను. మిషన్ రాకముందే జవాబు రాయమని నిన్ను అడిగాను. నీ జవాబు రాలేదు. రాకపోయేసరికి గుట్టనే కొడుతున్నారని నాకు అర్థమైపోయింది. అచ్చంపేట నుంచి డిండి మీదుగా దేవరకొండకు బస్సులున్నాయి. పొద్దున ఎక్కితే పగటేళకు మీ ఇంట్లో ఉంటాను. మిషన్ దిగాక గాని పెద్దమ్మకు తెలిసి ఉండదు. ముందే చెవిన ఒక్క మాట వేస్తే ఆమె పోయి మిషన్‌కు అడ్డంగా పడుకునేది. ఫహీం కూడా అన్నాడు, "పోయి చెప్పి రారాదు, నేను తోల్కపోత" అని. పని ఉందన్నాను. ఏ పనీ లేదు.

ఆ పొదలు పోతే నీ వనం నిలవదని నాకు తెలుసు. నిలవొద్దనే అనుకున్నాను. నీ మైకు ముచ్చట, నీ ఫస్టు మార్కులు, అన్నీ కలిపి అనుకున్నాను. ఇంకా లోపలిది కూడా రాసేస్తాను. హాస్టల్లో ఆదివారం గేటు దగ్గర గంప కనబడగానే నువ్వు ఉరికేదానివి. నేను ఉరకకుండా మెల్లగా నడిచి వచ్చేదాన్ని. ఈమె దీనికెందుకు ఉండాలి, నాకెందుకు ఉండొద్దు అనుకుంటూ నడిచేదాన్ని. ఆ కాయలు తింటూ కూడా అదే అనుకునేదాన్ని.

ఎట్లా చెప్పాలని అడిగావు. పొద్దున పూట, ఆమె బువ్వ తిన్నాక చెప్పు. నా ఫోటో ముచ్చట తేకు, విజేందర్ పేరు తేకు. రాసింది నేనే అని చెప్పి ఊరుకో. ఆ తర్వాత నా పేరు కూడా చెప్పు. తెలిసి కూడా షగుఫ్తా రాలేదని చెప్పు.

ఇక్కడ కాయ ఇంకా ఉంది. ఆమె ఒప్పుకుంటే వారం రోజులు తోలుకురా. చేతికి పని దొరికితే మనసు కొంచెం తేలికవుతుంది.

షగుఫ్తా


గుమ్మడికుంట,
23 అక్టోబర్ 2022

షగుఫ్తాకు,

చెప్పాను. నువ్వన్నట్టే పొద్దున, ఆమె బువ్వ తిన్నాక చెప్పాను.

తిడుతుందనుకున్నాను, కొడుతుందని కూడా అనుకున్నాను. చెయ్యి కడుక్కుని కొంగుకు తుడుచుకుంటూ, "గాడ ఏమున్నదో నీకెరుక లేకనా?" అని అడిగింది. ఎరుకే అన్నాను. "ఎరుకుండి రాస్తివా" అంది. రెండు రోజులు నా చేతి కూడు ముట్టలేదు. పక్కింటి కోమల దగ్గర తింది. ఒకరి గడప తొక్కనని అన్న మనిషి పళ్లెం పట్టుకుని వాళ్లింటికి పోతుంటే నేను వాకిట్లో నిలబడి చూశాను.

మూడో రోజు తనే పిలిచి, "షగుఫ్తా వాళ్ల ఊరి అడవిని ఇంకా ఎవ్వలు కొట్టలే గదా?" అంది. కొట్టలేదన్నాను. "నన్ను గాడికి తోలు" అంది. వారం రోజులకనుకుని సంతోషంగానే సరేనన్నాను. తర్వాత చూస్తే ట్రంకుపెట్టె ఖాళీ చేస్తోంది. చీరలన్నీ మూట కట్టింది. నాతో చదివించుకునే బైబిలు, కళ్లద్దాలు, దవాఖాన కాగితాలు గంపలో పెట్టుకుంది. నా ఉత్తరాలు పెట్టెలోనే వదిలేసింది.

"ఎన్ని దినాలుంటవ్ పెద్దమ్మా?"

"కాళ్లు ఆడినన్ని దినాలు."

"మరి నేను?"

"నీకు నీ వనమున్నది గదా" అంది. ఎగతాళిగా అన్నా ఓర్చుకునేదాన్ని. మామూలుగా, అన్నం ఉడికిందా అని అడిగినట్టు అంది.

నా బుద్ధి ఎటువంటిదో నీకు తెలుసు కదా. అప్పుడు కూడా ఊరుకోలేదు. "షగుఫ్తా గూడ తప్పు జేసిందని చెప్పిన గదా, ఆమె దగ్గరికెట్ల పోతవు?" అని అడిగాను. మూట ముడి బిగిస్తూ, "ఆమె రాలే. నువ్వు రాసినవు" అంది.

గురువారం పొద్దున బస్సుకు పంపిస్తున్నాను. నన్ను రావద్దంది, ఎల్లస్వామి తోడు వస్తాడు. ఫహీంను అచ్చంపేట బస్టాండుకు పంపు. కుడిచేత్తో బిందె ఎత్తనియ్యకు. జొన్నరొట్టె వేడిగా ఉన్నప్పుడే పెట్టు, చల్లారితే నమలలేదు. పొద్దున్నే అడవికి పోతానంటే ఆపకు, ఒక్కదాన్నే మాత్రం పంపకు. ఆదివారం ప్రార్థనకు పోవాలంటుంది, ఎక్కడుందో ఫహీంను కనుక్కోమను.

ఆమె మూట కడుతున్నంతసేపూ నీ మీద కుళ్లుకున్నాను. నీ ఫోటో చూసి పడ్డ కుళ్లు దీని ముందు లెక్కలోకి రాదు. అప్పుడు నీ మీద కోపం తోడుండేది, తిట్టుకుంటే కొంత చల్లారేది. ఇప్పుడు తిట్టడానికి నువ్వేమీ చెయ్యలేదు. నేనే నా చేత్తో రాసి ఆమెను నీ ఇంటికి పంపుతున్నాను.

చిన్నప్పటి నుంచి ఆమె నన్ను బిడ్డా అనే పిలిచేది. చెప్పిన రోజు నుంచి జానమ్మా అంటోంది, ఊళ్లో అందరూ పిలిచినట్టు. నిన్ను బిడ్డా అని పిలిస్తే, నేనేమైనా అనుకుంటానని ఆగకు. పలుకు.

జానమ్మ